వేసవి తోటలో రంగులు కుదరాలంటే ముందు ఆకును చూసి కొనండి

మీ ప్రశ్న చదివానండీ, ఫొటోలు కూడా పెద్దవి చేసి చూశాను. ఇదే ఇబ్బంది చాలామందికి ఉంది కాబట్టి మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను.

హైదరాబాద్‌లో పడమటి ముఖం ఇల్లు. ముందు గోడకు ఆనుకుని 20 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడి. గోడకు మీగడ రంగు. ఉత్తరం వైపు సందులో కొన్ని కుండీలు. జనవరిలో కాలనీకి వచ్చిన కడియం మొక్కల బండి దగ్గర నచ్చినవన్నీ తలా ఒకటి తీసుకున్నారు: మూడు రకాల క్రోటన్లు, పసుపు ఆకుల డ్యురాంటా, ఎర్ర నూరువరహాలు, పర్పుల్ హార్ట్, గులాబీ రంగు బిళ్ళగన్నేరు, తెల్లచారల నందివర్ధనం, రంగురంగుల ఆకుల కోలియస్, రెండు గులాబీలు. విడిగా చూస్తే ప్రతిదీ బాగుంది, అన్నీ కలిపి చూస్తే కంటికి గజిబిజిగా ఉంది, పైగా మే వచ్చేసరికి సగం మాడిపోయాయి అన్నారు. ఏ రంగు పక్కన ఏది పెట్టాలి, ఏటా కొనక్కర్లేకుండా ఏళ్ళ తరబడి ఉండే మొక్కలతో వేసవిలో కూడా బాగుండే తోట వేయొచ్చా అని అడిగారు.

వేయొచ్చు. తోటలు వేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను, అందరికీ మొదట చెప్పే మాటే మీకూ చెబుతాను. మొక్కను పువ్వు చూసి కొనకండి. ముందు ఆకు రంగు, ఆకు సైజు కుదుర్చుకోండి, పువ్వు ఆ తర్వాత. పువ్వు వస్తుంది, పోతుంది. జనవరిలో విరగబూసిన మొక్కే ఏప్రిల్ చివరికి ఒక్క పువ్వు లేకుండా నిలబడుతుంది. ఆకు మాత్రం పన్నెండు నెలలూ మీ కళ్ళ ముందే ఉంటుంది. ఆకులు ఒకదానికొకటి కుదిరాయంటే పూలు లేని రోజున కూడా తోట తోటలా ఉంటుంది. ఆకులు కుదరకపోతే ఎన్ని పూలు పూసినా మీరన్న గజిబిజే.

మీ ఫొటోలో నాకు కనిపించిన మొదటి సంగతి, అన్నీ ఒక్కొక్కటే ఉన్నాయి. పదకొండు మొక్కలు, దాదాపు పదకొండు రంగులు. కన్ను ఎక్కడా ఆగదు. అదే 20 అడుగుల్లో ఏడెనిమిది రకాలకు మించకుండా, ఒక్కో రకం మూడో అయిదో కలిపి గుంపుగా పెడితే సగం సమస్య అక్కడే తీరుతుంది. ఒక రకాన్ని మడికి ఈ చివర ఒక గుంపు, ఆ చివర ఒక గుంపు పెడితే చూపు దాన్ని పట్టుకుని అటూ ఇటూ హాయిగా తిరుగుతుంది.

ఇక మన ఎండ సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే రంగుల సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్ నుంచో అమెరికా ఉత్తర రాష్ట్రాల నుంచో వచ్చినవి. అక్కడ నడివేసవిలో కూడా సూర్యుడు నడినెత్తికి రాడు, వెలుగు ఏటవాలుగా పడుతుంది, మబ్బు కూడా ఎక్కువ. లేత గులాబీ, లేత ఊదా, లేత పసుపు ఆ వెలుగులో ఎంతో అందంగా కనిపిస్తాయి. మన దగ్గర మే 9 ప్రాంతంలో హైదరాబాద్ మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. మళ్ళీ ఆగస్టు 3 ప్రాంతంలో అదే జరుగుతుంది. ఆ మధ్యాహ్నపు వెలుగులో లేత రంగులు వెలిసిపోయినట్టు ఉంటాయి. ఆకుల మధ్య నీడలు తక్కువ కాబట్టి మొక్కల ఆకారాలు కూడా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అందుకే మన ఎండకు నిలిచే రంగులు ముదురువి: ముదురు ఊదా ఆకు, రాగి రంగు ఆకు, నారింజ పువ్వు, కుంకుమ ఎరుపు. లేత రంగులు వద్దనడం లేదు, వాటికి వేరే వేళ ఉంది, అది తర్వాత చెబుతాను.

ఉత్తరం సందులో కోలియస్ ఎందుకు మాడిందో కూడా ఇందులోనే ఉంది. మీరు జనవరిలో చూసినప్పుడు అక్కడ రోజంతా నీడే. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు కాబట్టి ఇంటి నీడ ఉత్తరం వైపు పడుతుంది. మార్చి 21 దాటాక సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా లేచి, పడమరకు కాస్త ఉత్తరంగా కుంగుతాడు. మే 9 నుంచి ఆగస్టు 3 దాకా హైదరాబాద్‌లో మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపే ఉంటాడు. అంటే చలికాలమంతా నీడగా ఉన్న ఆ సందులోకి సరిగ్గా వేసవిలో నేరుగా ఎండ వస్తుంది. నీడలో పెరిగిన లేత ఆకు ఆ దెబ్బకు ఒక్క వారంలో అంచుల నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది. కోలియస్, కలాడియం లాంటి నీడ మొక్కల కుండీలను మార్చి చివర్లోనే ఇంకొంచెం లోపలికి, సన్‌షేడ్ కిందకు జరపండి. జరపడం కుదరకపోతే సగం ఎండను ఆపే 50 శాతం షేడ్ నెట్ కట్టండి, వానలు పడ్డాక తీసేయొచ్చు.

ఆకు రంగులు నాలుగు రకాలుగా చూసుకోండి. ఒక్కో రంగుకు ఒక్కో ఎండ కావాలి.

ఊదా, ఎరుపు, రాగి రంగు ఆకుల్లో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం ఉంటుంది. ఎండ బాగా తగిలితేనే అది బాగా తయారవుతుంది. పర్పుల్ హార్ట్‌ను నీడలో పెట్టి చూడండి, నెల తిరిగేసరికి ఆకు పచ్చబడి కాండం సాగిపోతుంది. అదే మొక్క మీ పడమటి మడిలో వంకాయ రంగుకు వస్తుంది. పొద్దున పూట ఆ ముదురు ఆకుల కొసల్లో మూడు రేకల లేత గులాబీ పువ్వు విచ్చుకుంటుంది, ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. అంత చిన్న పువ్వు కూడా ఆ ఆకు మీద ఎంత స్పష్టంగా కనిపిస్తుందో చూస్తే ఆకు, పువ్వు కలవడం అంటే ఏమిటో అర్థమవుతుంది. అకాలిఫా రాగి రంగుదీ, ఎర్ర ఆల్టర్నాంతిరాదీ ఇదే తీరు. వీటికి యూరియా గట్టిగా వేయకండి. ఆకు జోరుగా వస్తుంది కానీ రంగు తగ్గి పచ్చదనం పెరుగుతుంది.

పసుపు ఆకు అంటే మన దగ్గర ముఖ్యంగా డ్యురాంటా. ఎండను బాగా తట్టుకుంటుంది, నీడలో పెడితే ఆకుపచ్చకు తిరిగిపోతుంది. దాని గుణమే దాని చిక్కు: ఎంత దూరం నుంచైనా అదే ముందు కనిపిస్తుంది. మీ మడిలో అది మధ్యలో ఉంది, మిగతావన్నీ దాని ముందు తేలిపోయాయి. పైగా మీగడ రంగు గోడ ముందు పసుపు ఆకు ఆకారం తెలియదు, అంచులు గోడలో కలిసిపోతాయి. గోడ కూడా మీ తోటలో ఒక రంగేనని గుర్తుంచుకోండి, అన్నిటికంటే పెద్ద రంగు అదే. మీగడ గోడ ముందు ఊదా, రాగి, ముదురు ఆకుపచ్చ చక్కగా ఎత్తి చూపినట్టుంటాయి. అదే ఇటుక రంగు గోడ అయితే ముదురు ఊదా మునిగిపోతుంది, అక్కడ వెండి ఆకు, పసుపు ఆకు కావాలి. మీ డ్యురాంటాను తీసి గేటు పక్కన ముదురు ఆకుపచ్చ మొక్కల ముందుకు మార్చండి.

తెల్లచారల ఆకులకు మన పడమటి ఎండ పనికిరాదు. తెల్లగా ఉన్న చోట పత్రహరితం ఉండదు, ఆ భాగమే ముందు మాడుతుంది. మీ నందివర్ధనం ఆకులు అంచుల దగ్గరే కాలాయి, గమనించండి, అంచులే తెల్లవి. దాన్ని పొద్దుటి ఎండ మాత్రమే తగిలే చోటికి మార్చండి, బతికి బాగుంటుంది. మరో సంగతి, చారల మొక్కల్లో అప్పుడప్పుడు పూర్తి ఆకుపచ్చ కొమ్మ ఒకటి లేస్తుంది. బలంగా ఉంది కదా అని ఉంచితే రెండేళ్ళలో మొక్కంతా మామూలు ఆకుపచ్చే. కనిపించిన వెంటనే మొదలుకంటా కత్తిరించండి.

ఇక వెండి, బూడిద రంగు ఆకులు. తెలుగు నేలల మీద వేసవికి వీటికి మించినవి లేవని నా గట్టి అభిప్రాయం, కానీ నర్సరీలో ఎవరూ అడగరు. ఆకు మీద ఉండే సన్నటి నూగో, మైనం పూతో వెలుగును వెనక్కి కొడుతుంది, అందుకే ఆ రంగు. మన బీళ్ళలో జిల్లేడు మే నెల నడుమ కూడా నిగనిగలాడుతూ ఉండటానికి కారణాల్లో అదొకటి. ఇంటి మడికి ల్యూకోఫిల్లం అని అడగండి. టెక్సాస్, మెక్సికో ఎడారుల మొక్క. బూడిద రంగు చిన్న ఆకులు, గాలిలో తేమ పెరిగి వాన పడ్డాక ఒక్కసారిగా లేత ఊదా పూలు. దీనికి ఒకటే పట్టింపు, వేళ్ళ దగ్గర నీరు నిలవకూడదు. మీ ఎర్రమట్టిలో ఇబ్బంది లేదు. నల్లరేగడి ఉన్న గుంటూరు వైపు వాళ్ళయితే మట్టి ఒక అడుగు ఎత్తు చేసి, ఇసుక కలిపి నాటాలి, లేకపోతే మొదటి వానాకాలంలోనే వేరు కుళ్ళుతుంది. నర్సరీల్లో చలికాలంలో దొరికే డస్టీ మిల్లర్ కూడా వెండి ఆకే, చూడముచ్చటగా ఉంటుంది, కానీ మన వేసవి దాటదు.

రంగు తర్వాత ఆకారం. దీన్ని జనం అసలు పట్టించుకోరు, నాకు మాత్రం రంగుకంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది. వినాయక చవితి పత్రి పళ్ళెంలో సర్దినప్పుడు ఎలా ఉంటుందో గుర్తుచేసుకోండి. 21 రకాలూ ఇంచుమించు ఆకుపచ్చే. అయినా గరిక సన్నగా, జిల్లేడు మందంగా బూడిద రంగుతో, మాచిపత్రి చీలికలు చీలికలుగా, దానిమ్మ చిన్నగా మెరుస్తూ, మామిడి పొడవుగా, దేన్ని చూసినా పక్కదానితో పోలిక లేదు. పువ్వు ఒక్కటి లేకుండానే పళ్ళెం నిండుగా ఉంటుంది. మడిలో కూడా అంతే: వెడల్పు ఆకు పక్కన సన్నటి ఆకు, దాని పక్కన ఈనెల్లా నిలువుగా లేచేది. మెట్టతామర పెద్ద ఆకు పక్కన రత్నగంధి చింతాకు లాంటి సన్నాకు పెడితే రెండూ ఆకుపచ్చవే అయినా చూడబుద్ధవుతుంది. మీ మడిలో నూరువరహాలు, బిళ్ళగన్నేరు, డ్యురాంటా మూడింటి ఆకులూ సుమారుగా ఒకే వేలెడు సైజు. రంగు లేకపోతే వాటి మధ్య తేడా కనబడదు.

ఇది తెలుసుకోవడానికి తేలిక మార్గం ఉంది. మడిని ఫోన్‌తో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. మొక్కలు విడివిడిగా కనిపిస్తే మీ ఎంపిక కుదిరినట్టు. అంతా ఒకే బూడిద ముద్దలా ఉంటే ఎన్ని రంగులు తెచ్చినా ప్రయోజనం లేదు, ఆకు సైజులు మార్చాలి, లేదా ముదురు, లేత తేడా పెంచాలి. మీ ఫొటోను అలా మార్చి చూశాను. పర్పుల్ హార్ట్ ఒక్కటే విడిగా కనిపించింది.

ఇప్పుడు పూల దగ్గరికి వద్దాం. పక్కపక్కన పెట్టిన రంగులు ఒకదాన్నొకటి మారుస్తాయి. ఇది పాత సంగతే. పారిస్‌లోని గోబెలాఁ నేత కర్మాగారంలో రంగుల అద్దకం విభాగం చూసే షెవ్రల్ అనే రసాయన శాస్త్రవేత్తకు, నల్లరంగు సరిగా ముదురు రావడం లేదని ఫిర్యాదులు వచ్చాయి. చూస్తే రంగులో లోపం లేదు, నల్ల దారం పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్ల అది వెలిసినట్టు కనిపిస్తోంది. ఆ పరిశీలనను ఆయన 1839లో పెద్ద గ్రంథంగా అచ్చువేయించాడు. మన మడికి దాని అర్థం ఇది: నారింజ, నీలం పక్కపక్కన ఉంటే రెండూ రెట్టింపు గాఢంగా కనిపిస్తాయి. పసుపు, ఊదా కూడా అంతే, ఎరుపు, ఆకుపచ్చ కూడా అంతే. నిండు ఆకుపచ్చ మధ్య ఎర్ర నూరువరహాలు అంత భగ్గుమని కనిపించడానికి కారణం అదే. అదే నూరువరహాలను గులాబీ బిళ్ళగన్నేరు పక్కన పెడితే ఎరుపు నారింజలోకి, గులాబీ ఊదాలోకి జరిగినట్టుండి రెండూ చెడతాయి. మీ మడిలో కంటికి ముందు గుచ్చుకునేది ఆ జంటే. వాటిని విడదీయండి, మధ్యలో మూడడుగులైనా వెండి ఆకో, ముదురు ఆకుపచ్చో రావాలి.

ఇంగ్లండ్‌లో గెర్‌ట్రూడ్ జీకిల్ అనే ఆవిడ మొదట చిత్రలేఖనం నేర్చుకుని, కళ్ళు సహకరించక తోటల వైపు వచ్చింది. తన ఇంట్లో సుమారు 200 అడుగుల పొడవున ఒక పూల మడి వేసింది. చివర్లలో బూడిద ఆకులు, నీలం, తెలుపు, లేత పసుపు. మధ్యకు వచ్చేకొద్దీ ముదురు పసుపు, నారింజ, నడుమ ఎరుపు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి చల్లటి రంగులు. ఆవిడ మొక్కలు మన దగ్గర బతకవు. లావెండర్, డెల్ఫీనియం, హోస్టా లాంటివి చల్లటి దేశాలవి, హైదరాబాద్ మేలో వాటి మీద డబ్బు పోయొద్దు. కానీ ఆ అమరిక మాత్రం ఎక్కడైనా పనికొస్తుంది: వేడి రంగులు ఒకచోట గుంపుగా, వాటిని చేరుకోవడానికి చల్లటి రంగుల దారి. న్యూజెర్సీలోనో మిషిగన్‌లోనో ఉన్న మనవాళ్ళు ఇది చదువుతుంటే, పద్ధతి మీకూ ఇదే, మొక్కలే వేరు. అక్కడ ఊదా ఆకుకు హ్యూకెరా ఉంది. మెట్టతామర వేసుకుంటే మంచు ముదరకముందే దుంపలు తవ్వి లోపల దాచుకోవాలి.

ఇందాక లేత రంగులకు వేరే వేళ ఉందన్నాను. వేసవిలో మీరు తోటను నిజంగా ఎప్పుడు చూస్తారో ఆలోచించండి. మధ్యాహ్నం రెండింటికి ఎవరూ బయటికి రారు. ఆఫీసు నుంచి వచ్చి, టీ తాగి, సాయంత్రం ఆరున్నర తర్వాత వరండాలో కూర్చుంటామని మీరే రాశారు. వెలుగు తగ్గేకొద్దీ మన కన్ను రంగులను చూసే తీరు మారిపోతుంది. ఎరుపు ముందు నల్లబడుతుంది, నీలం, తెలుపు చాలాసేపు నిలుస్తాయి. మసక వెలుగులో పనిచేసే కంటి కణాలకు ఎరుపు దాదాపు కనబడకపోవడమే కారణం. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు కాబట్టి ఆయన పేరుతోనే పిలుస్తారు. మీరు ఎర్ర నూరువరహాలను సరిగ్గా వరండా మెట్ల పక్కన పెట్టారు. ఏడింటికి అక్కడ మీకు కనిపించేది నల్లటి పొద.

ఎరుపు, నారింజ గేటు వైపు, దూరంగా ఉండనివ్వండి, పొద్దున బయటికి వెళ్ళేటప్పుడు చూసుకోవచ్చు. మెట్ల దగ్గర తెలుపు, లేత నీలం, వెండి ఆకు పెట్టండి. స్పైడర్ లిల్లీ తెల్లటి పువ్వు చీకట్లో కూడా తేలుతూ కనిపిస్తుంది, సువాసన అదనం. ఒక మల్లె పొద తప్పకుండా పెట్టుకోండి, మార్చి నుంచి జూన్ దాకా మనకు దక్కే సుఖం అది. చంద్రకాంత సాయంత్రం నాలుగు దాటాకే విచ్చుకుంటుంది కాబట్టి అది కూడా ఆ వైపే. టేబుల్ రోజ్ మాత్రం మధ్యాహ్నం దాటితే ముడుచుకుపోతుంది, పగలు ఇంట్లో ఉండే పెద్దవాళ్ళకు బాగుంటుంది కానీ సాయంత్రం వచ్చే మీకు ముడుచుకున్న మొగ్గలే మిగులుతాయి. వరండా బల్బు పసుపు వెలుగుదైతే లేత నీలం దాని కింద మసకబారుతుంది, ఆ బల్బు నేరుగా పడే చోట తెలుపే పెట్టండి.

మీ మడికి నేనైతే ఇలా వేస్తాను. మెట్లు కుడివైపు, కుళాయి గేటు వైపు ఉన్నట్టు ఫొటోలో కనిపిస్తోంది, దాన్నిబట్టి చెబుతున్నాను.

గోడకు ఒకటిన్నర అడుగు వదిలి వెనక వరస మొదలుపెట్టండి. పడమటి గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, ఆనించి నాటిన మొక్క అటువైపు ఆకు నిలుపుకోలేదు. గేటు వైపు, కుళాయికి దగ్గరగా, ముదురు ఊదా ఆకుల మెట్టతామర అయిదు దుంపలు, నారింజ పువ్వు వచ్చే రకం. దీనికి నీళ్ళు బాగా కావాలి, మే వడగాలికి ఆకు అంచులు కొంత ఎండుతాయి, అది మాత్రం తప్పదు. ఎండిన కాండాన్ని మొదలుకు కోస్తే పక్కనుంచి కొత్తది లేస్తుంది. దాని పక్కన ఒక రత్నగంధి, ఎరుపు నారింజ రకం. ఏటా ఫిబ్రవరిలో మోకాలి ఎత్తుకు కోయండి, లేకపోతే ఎనిమిదడుగులు లేచి మడిని మింగేస్తుంది. పువ్వు కొత్త కొమ్మకే వస్తుంది కాబట్టి కోతకు భయపడొద్దు.

నడుమ మూడు ప్లంబాగోలు, లేత నీలానివి. నారింజ పక్కన నీలం అని ఇందాక అనుకున్నది ఇక్కడే. దక్షిణాఫ్రికా మొక్క, మన ఎండకు జంకదు, దాదాపు ఏడాది పొడవునా పూస్తుంది. పువ్వు వాడితే దానంతటదే రాలుతుంది, కింది తొడిమె మీద జిగురు నూగు ఉంటుంది, రాసుకుంటూ వెళ్తే చీర అంచుకు అంటుకుంటుంది. అందుకే నడిచే దారికి అడుగు దూరం ఉంచండి. ఆ తర్వాత మెట్ల వైపుకు ల్యూకోఫిల్లం మూడు, వాటి ముందు స్పైడర్ లిల్లీ అయిదారు గడ్డలు. లిల్లీ ఆకు నిగనిగలాడే పచ్చటి పట్టీలా ఉంటుంది, ల్యూకోఫిల్లం చిన్నటి బూడిద ఆకు వెనక ఉంటే రెండూ ఒకదాన్నొకటి నిలబెడతాయి. లిల్లీకి నీళ్ళు ఎక్కువ, ల్యూకోఫిల్లంకు తక్కువ, అందుకని ల్యూకోఫిల్లం ఉన్న చోట మట్టి కాస్త ఎత్తు చేయండి.

ముందు అంచున మీ దగ్గరున్న పర్పుల్ హార్ట్‌నే ముక్కలు చేసి రెండు గుంపులుగా నాటండి, ఒకటి మెట్టతామర కింద, ఒకటి ల్యూకోఫిల్లం ముందు లిల్లీకి ఇటుగా. కణుపు దగ్గర తుంచి గుచ్చితే చాలు, బతుకుతుంది. రెండు గుంపుల మధ్య తెల్ల బిళ్ళగన్నేరు, వాటి సందుల్లో రెయిన్ లిల్లీ గడ్డలు. వేసవంతా గడ్డిపోచల్లా ఉండి, మొదటి గట్టి వాన పడిన కొద్ది రోజులకు ఒక్కసారిగా లేస్తాయి. అంతే, మెట్ల పక్కన పెట్టే మల్లె, చంద్రకాంత కాకుండా ఎనిమిది రకాలు. ఇంకొకటి పెట్టాలనిపిస్తే ఆగండి, ఏడాది చూశాక పెట్టండి.

క్రోటన్లు ఏం చేయాలని అడుగుతారని తెలుసు. ఒక్క క్రోటన్ ఆకులోనే పసుపు, ఎరుపు, ఆకుపచ్చ మూడూ ఉంటాయి. దానికదే ఒక పూర్తి తోట. మూడు రకాల క్రోటన్లు పక్కపక్కన పెడితే తొమ్మిది రంగులు కొట్లాడుకుంటాయి. ఒక్కోదాన్ని మంచి కుండీలో, పక్కన ఆకుపచ్చ తప్ప ఏమీ లేకుండా, పొద్దుటి ఎండ వచ్చే చోట పెట్టండి, వాటి అందం అప్పుడు తెలుస్తుంది. పొడి వేసవిలో ఆకు వెనక ఎర్రనల్లి అనే సన్నటి పురుగు పడుతుంది, వారానికోసారి పైపుతో ఆకు అడుగుభాగం కడిగేయండి.

ఇవన్నీ ఇప్పుడే కొనేయకండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అలాంటప్పుడు కొత్త మొక్క నాటితే దాన్ని బతికించడానికే మీ నీళ్ళు, మీ ఓపిక అయిపోతాయి. మృగశిర వచ్చి రెండు వానలు పడ్డాక, జూన్ చివర్లోనో జూలైలోనో నాటండి. వచ్చే వేసవికల్లా వేరు లోతుకు దిగి ఉంటుంది. ఈలోగా పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం అయిదింటికి మడిని ఫొటో తీసి పెట్టుకోండి, ఎండ ఎక్కడెక్కడ పడుతుందో తెలుస్తుంది.

నాటేటప్పుడు ఒక జాగ్రత్త. కడియం వైపు నుంచి వచ్చే మొక్కల వేరు ముద్ద గోదావరి ఒండ్రుమట్టితో బిగుసుకుని ఉంటుంది. దాన్ని అలాగే ఎర్రమట్టి గుంతలో దించితే పోసిన నీళ్ళు చుట్టూ జారిపోతాయి, ముద్ద లోపల పొడిగానే ఉంటుంది. పైకి మట్టి తడిగా కనిపిస్తుంటే మొక్క ఎందుకు వాడిందో అర్థం కాదు. కవరుతో సహా బకెట్ నీళ్ళలో ముంచి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. తర్వాత కవరు కోసి, ముద్ద పై అంచుల్లో మట్టిని వేళ్ళతో కాస్త విదిలించి నాటండి. ఆ తర్వాత రోజూ పైపైన చిలకరించడం కంటే రెండు మూడు రోజులకోసారి నిండుగా, పొద్దున్నే పెట్టడం మంచిది. వేరు నీళ్ళ కోసం కిందికి వెళ్తుంది. వేరుశెనగ పొట్టో, ఎండుటాకులో, కొబ్బరి పీచో మూడు అంగుళాల మందాన పరిస్తే మట్టి వేడెక్కదు. ల్యూకోఫిల్లం మొదలు దగ్గర మాత్రం పరవకండి, అక్కడ చిన్న గులకరాళ్ళు పోయండి.

మీ రెండు గులాబీలు ఈ మడిలో ఇమడవు. పడమటి ఎండలో పువ్వు విచ్చిన రోజే రంగు పోతుంది. తూర్పు వైపు కుండీల్లోకి మార్చండి, కానీ వాటిని కూడా వానలు పడ్డాకే కదపండి.

ఇంట్లో మూడేళ్ళ బాబు ఉన్నాడని రాశారు. ఎవరైనా ఎండకు బాగా తట్టుకుంటుందని గన్నేరు పెట్టమంటే వద్దనండి, ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. లాంటానా కాయలు, ముఖ్యంగా పచ్చివి, పిల్లలు నోట్లో పెట్టుకోకూడదు. స్పైడర్ లిల్లీ, రెయిన్ లిల్లీ గడ్డలు తింటే వాంతులవుతాయి, అందుకని గడ్డ పైకి తేలకుండా లోతుగా నాటండి. బిళ్ళగన్నేరు ఆకు కూడా నమలనివ్వకూడదు. క్రోటన్, పర్పుల్ హార్ట్ తుంచితే వచ్చే రసం కొందరి చర్మానికి పడదు, దురద పెడుతుంది. ముక్కలు నాటే రోజు మీరు గ్లోవ్స్ వేసుకోండి, బాబును మాత్రం రత్నగంధి కాయలకు, ఈ గడ్డలకు దూరంగా, మల్లె పొదకు నీళ్ళు పోసే పని మీద పెట్టండి.